అంగడివీధి ఛాయాచిత్రము

సికింద్రాబాదునకు ఉత్తరమున బొల్లారమను పాత దండు ప్రాంతము కలదు. ఆంగ్లేయుల కాలమున హైదరాబాదు రెసిడెంటునకు ఇచట నొక విడిది యుండెడిది. అదియే నేటి రాష్ట్రపతి నిలయము. 1847లో వెలసిన హోలీ ట్రినిటీ చర్చియు ఇచటనే యున్నది. బొల్లారమును చూడవచ్చినవారు మొదట ఇట్టి కట్టడములనే ఫోటో తీయుదురు. కట్టడము కదలదు, అలుగదు, బేరమాడదు. దానిని చిత్రించుట సులభము. కాని ఒక రైల్వే స్టేషనుకే బొల్లారం బజార్ అను పేరు వచ్చినంతటి బజారు కూడ ఈ ఊరిలో కలదు. బజారును చిత్రించుట అంత సులభము కాదు.

దీనికి మొదటి సాక్ష్యము పారిస్ నగరమున దొరకినది. 1838లో డాగెర్ అను ఫ్రెంచివాడు ఒక పెద్ద వీధిని కిటికీనుండి చిత్రించెను. అది బండ్లతోను జనముతోను సందడిగా నుండెడి వీధి. అయినను చిత్రములో నది నిర్మానుష్యముగా కనబడును! ఏలయన, ఆనాటి పలకపై వెలుతురు కొన్ని నిమిషములపాటు పడవలసియుండెను. అంతసేపు నిలువని దేదియు దానిపై ముద్రపడదు. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన ఒక మనుష్యుడును, మెరుగు పెట్టువాడును మాత్రము చిక్కిరి. వారి పేర్లు ఎవరికిని తెలియవు.

మన ప్రాంతమున ఈ విద్యకు పేరు తెచ్చినవాడు లాలా దీనదయాళు. ఆయన 1844లో ఉత్తరదేశమునందలి సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో నక్షాలు గీయు ఉద్యోగము చేయుచు కెమెరా పట్టెను. పిమ్మట సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా అను బిరుదమును పొందెను. రాజభవనములు, వేటలు, దొరల విందులు ఆయన చిత్రములలో విస్తారముగా నున్నవి. కాని 1899-1900 నాటి కరవులో సహాయపు పనులకు వచ్చిన బీదజనమును కూడ ఆయన చిత్రించెను. ఆ కాలపు చిత్రముల క్రింద ప్రభువుల పేర్లు వ్రాసియుండుట సాధారణము. కూలివాని పేరు కానవచ్చుట అరుదు.

అప్పటికి పనిముట్లు మారినవి. పూర్వము గాజుపలకకు తడిమందు పూసి, అది ఆరకముందే చిత్రము తీసి కడుగవలసియుండెను. అందుకై చీకటి గుడారమును వెంట మోసికొనిపోవలెను. 1871లో మాడక్స్ అను ఆంగ్లేయ వైద్యుడు పొడిపలకకు దారి చూపెను. 1925లో లైకా అను చిన్న కెమెరా అంగడికి వచ్చెను. దానిని చేతబట్టి గుంపులో నడువవచ్చును. వీధిలోని మనుష్యుని కదలుచుండగనే చిత్రించుట దానితో మరింత సులభమాయెను.

నేడు జేబులోని ఫోనే కెమెరా. అయినను వెలుగు పడు కాలమును ఎన్నుకొనుట చిత్రకారుని వంతే. హోటలువాడు ఒక గ్లాసునుండి మరొక గ్లాసులోనికి ఎత్తునుండి టీ పోయుచుండగా, సెకనులో పదునైదవ వంతు వెలుగు పడనిచ్చినచో ధార దారమువలె వచ్చును. వేయవ వంతు పడనిచ్చినచో అదియే చుక్కలు చుక్కలుగా విడిపోవును. రెండును నిజమే. ధరల పలకను, కొట్టుపై వ్రాతను చిత్రమునుండి తొలగించువారు కలరు. అది పొరపాటు. ముప్పది యేండ్లకు జనులు మొదట వెదకునది టమాటా కిలో ఎంత అనుటయే.

మిర్చిబజ్జీలు వేయు స్త్రీ ముఖమును దగ్గరగా తీయదలచినచో ముందుగా ఆమె నడుగవలెను. ఆమె కాదన్నచో బాణలిని, నూనెలో పొంగు బజ్జీలను తీసికొని సంతోషింపవచ్చును. ఔనన్నచో ఒక ప్రతిని ఆమెకిచ్చి, తన ప్రతి వెనుక వీధిపేరును, తేదీని, ఆమె ఒప్పుకొన్నచో ఆమె పేరును వ్రాసి పెట్టుకొనవలెను.