పెరటి పాడి – పొరుగువాని హక్కు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఈ సామెతను పుట్టించినవారు ఉద్దానం చూచి ఉండరు. ఉద్యానవనమనే మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుకొంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలలో పెరడే ప్రధానం. ఇల్లు దానిలో ఒక మూల. కొబ్బరి నీడలో పనస, అరటి. కంచె వెంబడి మునగ. పందిరిపై చిక్కుడు, ఆనప. వెనుక పశువుల సాల, దాని ప్రక్కన గెత్తపు కుప్ప. రాలిన ఆకు మేకకు, మేక ఎరువు చెట్టుకు, చెట్టు కాయ మనిషికి. ఈ చక్రంలో వృథా అయ్యేది లేదు.

ఈ చక్రం పట్టణంలోనికి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. రైలుస్టేషను, జీడిపిక్కల కార్ఖానాలు పలాసను, కాశీబుగ్గను ఏకం చేసి పురపాలక సంఘంగా పెంచినవి. 2011 జనగణన నాటికే అక్కడి జనాభా యాభై ఏడు వేలు దాటినది. పల్లె నుండి వచ్చిన కుటుంబం రెండు సెంట్ల స్థలంలో గోడ కట్టుకొంటుంది; ఊరు విడిచినా మేకను విడువదు. గోడ అవతల మరొక కుటుంబం ఉన్నది. తగవు అక్కడ పుడుతుంది.

మా వీధిలో ఒక వితంతువు నాలుగు మేకలను పెంచుకొంటున్నది. ఒకనాడు ఆమె చేత నోటీసు పట్టుకొని నా వద్దకు వచ్చి, "నా జాగాలో నా మేకల్ని కట్టుకుంటే తప్పేటి మాస్టారూ?" అని అడిగినది. ఆ సాయంకాలమే పొరుగాయన కూడా కనిపించి, "తలుపు తీస్తే వాసన, మూస్తే ఉక్క. మేమెక్కడికి పోవాలి మాస్టారూ?" అన్నాడు. ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. వాటికి సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా అధికారం ఎవరిదో తెలిసికొనవలెను. 1993లో అమలులోనికి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు రెండు జాబితాలను చేర్చినవి. పంచాయతీలకు సంబంధించిన పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయం, పశుపోషణ, పాడి, కోళ్ళ పెంపకం అనేవి అభివృద్ధి కార్యాలుగా ఉన్నవి. పురపాలక సంఘాలకు చెందిన పన్నెండవ షెడ్యూలులో వ్యవసాయం లేదు, పాడి లేదు. ఉద్యానాలున్నవి గాని అవి విహారం కొరకు. పశువు ప్రస్తావన వచ్చేది బందెలదొడ్ల వద్ద, జంతుహింస నివారణ వద్ద, కబేళాల వద్ద మాత్రమే. అనగా, అదే మేక పంచాయతీ సరిహద్దులో సంపద. పురపాలక సరిహద్దు దాటగానే సమస్య. చాలకాలం పంచాయతీ పాలనలో పెరిగిన టెక్కలికీ, పలాసకూ దూరం కొద్ది మైళ్ళే. చట్టం చూపులో మాత్రం ఆ దూరం ఎక్కువ.

అయినను ఈ చట్టాల ధోరణి నిషేధం కాదు, నియంత్రణ. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టం నుండి 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం వరకు, గ్రామాలకు 1964 నాటి చట్టం నుండి 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వరకు, ఆ ధోరణి కొనసాగినది. దానిని మూడు ప్రశ్నలుగా చెప్పుకొనవచ్చును. పశువును ఇంటి అవసరానికి ఉంచినారా, వ్యాపారానికా? వ్యాపారమైతే స్థానిక సంస్థ అనుమతి ఉండవలెను. పశువు వల్ల పొరుగువారి ఆరోగ్యానికీ, నెమ్మదికీ భంగం కలుగుచున్నదా? కలిగితే తొలగింపుమని అడిగే అధికారం ఉన్నది. పశువు కట్టు తెంచుకొని పరుల స్థలంలో పడుచున్నదా? పడితే నష్టానికి యజమాని బాధ్యుడు.

మూడవ ప్రశ్నకు సమాధానం 1871 నాటి పశు అతిక్రమణ చట్టంలో ఉన్నది. ఆ చట్టంలో పశువనే మాటకు ఏనుగు, ఒంటె మొదలు గొఱ్ఱె, మేక వరకు అర్థమున్నది. తోటలో పడి నష్టం చేసిన పశువును తోటవాడు పట్టుకొనవచ్చును. కాని తన వద్ద దాచుకొనరాదు, కొట్టరాదు. ఇరువది నాలుగు గంటలలో బందెలదొడ్డికి పంపవలెను. యజమాని అపరాధ రుసుము, మేత ఖర్చు చెల్లించి విడిపించుకొనవలెను. ఏడు రోజులలో ఎవరూ రాకపోతే పోలీసులకు తెలిపి, ప్రకటన చేసి, తరువాతనే వేలం వేయవలెను. కోపాన్ని పద్ధతిలో పెట్టడమే దీని సారం.

రెండవ ప్రశ్న ఆరోగ్యానికి సంబంధించినది. ఇందులో పొరుగాయన ఫిర్యాదును చులకన చేయరాదు. శ్రీకాకుళం జిల్లా బోదకాలు వ్యాధికి చిరకాలంగా నెలవు. ఆ వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్సు దోమ నిలిచిన మురుగులో పెరుగుతుంది. సాల కడిగిన నీరు కాలువలో నిలిచితే దోమకు మనమే తొట్టి కట్టినట్లు. పందుల విషయంలో చట్టం మరింత కఠినంగా ఉండడానికి కూడ కారణమున్నది. మెదడువాపు వ్యాధి క్రిమి పంది శరీరంలో విస్తారంగా వృద్ధి చెంది దోమల ద్వారా మనుష్యులకు చేరుతుంది. ఇక ఉద్దానపు ఇసుక నేలలో ద్రవం త్వరగా ఇంకుతుంది. గెత్తపు గొయ్యి బావి ప్రక్కన ఉంటే ఆ ఊట బావిలోనికే దిగుతుంది. మూత్రపిండాల వ్యాధితో ఇన్ని కుటుంబాలు కుమిలిన ఈ సీమలో త్రాగునీటిని కాపాడుకొనడం కంటె ముఖ్యమైన నియమం లేదు.

పశువు పక్షాన కూడ చట్టం మాట్లాడుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం యజమాని చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. మెసలడానికి వీలులేని పొట్టి త్రాటితో చాలసేపు కట్టివేయడమూ నేరమే. బక్రీదుకు ముందు కొన్ని వారాలు మన ఇండ్లలో మేకలను ఉంచుకొనేవారు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెను.

ఈ తగవు క్రొత్తది కాదు. ఖుర్ఆను అంబియా సూరాలో దావూద్, సులైమాన్ ప్రవక్తల తీర్పు ప్రస్తావన ఉన్నది. ఒకరి గొఱ్ఱెలు రాత్రివేళ మరొకరి చేనులో పడినవి. వ్యాఖ్యాతలు వివరించినట్లు, నష్టానికి బదులుగా మందను చేను యజమానికి ఇప్పించవలెనని దావూద్ తలచినారు. సులైమాన్ మరొక మార్గం చూపినారు. కాపరి చేనును తిరిగి పండించి ఇచ్చేవరకు మంద పాలు, ఉన్ని చేను యజమాని అనుభవించవలెను. ఆ తరువాత ఎవరిది వారికి. నష్టపడినవానికి న్యాయం జరిగినది, నష్టపరచినవాడు నిలువునా మునగలేదు. నియమాలు చేసేవారు గుర్తుంచుకొనవలసిన సూత్రమిది.

ఎందుకనగా పేదవాని మేక విలాసం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసినది. క్రొత్త కొబ్బరి మొక్క కాపుకు రావలెనంటే ఏండ్లు పట్టును. మేక అయిదు నెలలకు ఈనుతుంది. బ్యాంకు గడప తొక్కని స్త్రీకి అదే పొదుపు, అదే భీమా.

నియమం పౌరునికే కాదు, పాలకునికీ వర్తిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణ ప్రజలు మురుగు కాలువల కొరకు వేసిన వ్యాజ్యంలో 1980లో సుప్రీంకోర్టు, నిధులు లేవనే సాకుతో పురపాలక సంఘం తన విధిని తప్పించుకొనజాలదని తీర్పు చెప్పినది. ఆ తీర్పుకు ఆధారమైన 133వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా నిలిచి ఉన్నది. కాలువ తీయని ఊరిలో కంపు నేరమంతా మేకపై మోపడం న్యాయం కాదు.

మా వీధి తగవు నోటీసుతో కాక మాటతో తీరినది. ఆమె సాలను గోడ ప్రక్క నుండి వీధి వైపునకు మార్చినది. అడుగున చెక్కలు పరచి, గెత్తాన్ని ప్రతి ఉదయం ఎత్తివేస్తున్నది. నాలుగు మేకలలో రెంటిని అమ్మినది. ఆ నష్టం ఆమెదే, దానిని ఎవరూ పూడ్చలేదు. పొరుగాయన ఆ గెత్తాన్నే తన జామచెట్టుకు వేసికొంటున్నాడు.

విద్యార్థులారా, ఆమెకు చదువు వచ్చి ఉంటే ఆ నోటీసులో ఇచ్చిన గడువును, జవాబు చెప్పుకొనే అవకాశాన్ని తానే చూచుకొని ఉండేది. మీ వీధిలోనూ అటువంటి కాగితం చేతబట్టుకొని నిలిచినవారు ఉంటారు. చదివి చెప్పండి. రెండు వైపులా చెప్పండి.