మ్యాప్ తెల్లగ వస్తే పర్లేదు, పచ్చగ వస్తేనే అనుమానపడాలి

కామెంట్స్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది: "అన్నా, కోడ్ అంతా కరెక్టే ఉంది, మ్యాప్ మాత్రం కనబడ్తలేదు." చార్ట్ జేఎస్ వాడేటోళ్ళది కూడా ఇదే బాధ. ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదనే.

ఉత్త థియరీ అయితే బోర్ కొడ్తది కాబట్టి ఒక ప్రాజెక్ట్ అనుకుందాం. నల్గొండ ఫ్లోరైడ్ మ్యాప్. ఊరూరి బోరు నీళ్ళ టెస్ట్ రిజల్ట్స్ తీస్కొని, ఏ ఊర్లో ఎంత ఫ్లోరైడ్ ఉందో రంగులతో చూపించే వెబ్ పేజీ. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి బాగుంటది.

ఈ టాపిక్కే ఎందుకంటే, ఫ్లోరైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు, నాలుక మీద పెట్టినా తెల్వదు. కాగబెడితే పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడ్తది. మన కింద ఉన్న గ్రానైట్ రాళ్ళ నుంచే అది నీళ్ళల్లోకి దిగుతది. తక్కువ మోతాదులో పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, ఏండ్ల తరబడి ఎక్కువ మోతాదు తాగితే ఎముకలే వంగిపోతయ్. మర్రిగూడ, మునుగోడు దిక్కు పెద్దమనుషులను అడగండి, చెప్తారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. మన జిల్లా పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది గిట్ల.

కంటికి కనబడనిదాన్ని మ్యాప్ మీద రంగే చూపిస్తది అన్నమాట. ఆ రంగు తప్పయితే ఏమైతదో తర్వాత మాట్లాడుకుందాం. ముందుగాల మ్యాప్ తెరుద్దాం.

మ్యాప్ అస్సలు రాలేదు, తెల్లగ ఉంది. లీఫ్‌లెట్ అయినా, మ్యాప్‌లిబ్రే అయినా, ముందు చూడాల్సింది కోడ్ కాదు, డబ్బా. మ్యాప్‌ని మీరు ఒక డివ్‌లో పెడ్తారు కదా, ఆ డివ్‌కి హైట్ ఇచ్చిండ్రా? లోపల ఏం లేని డివ్ హైట్ సున్నా. సున్నా ఎత్తు డబ్బాలో మ్యాప్ బరాబర్ గీసుకుంటది, ఎర్రర్ రాదు, మీకు కనబడదు. హైట్ 100 శాతం అని రాసినా లాభం లేదు, ఎందుకంటే దాని పేరెంట్‌కి కూడా హైట్ ఉండాలె. ముందు 400 పిక్సెల్స్ అని ఇచ్చి చూడండి. వచ్చిందంటే రోగం దొరికినట్టే.

మ్యాప్ ముక్కలు ముక్కలై జిగ్‌సా పజిల్ లెక్క చెదిరిపోతే, లీఫ్‌లెట్ సీఎస్‌ఎస్ ఫైల్ లోడ్ కాలేదని అర్థం. ఒక మూలకి మాత్రమే వచ్చి మిగతాదంతా బూడిద రంగులో ఉంటే, మ్యాప్ పుట్టినప్పుడు దాని డబ్బా దాక్కొని ఉంది. అంటే ట్యాబ్ వెనకనో, పాపప్ లోపలనో. ట్యాబ్ తెరిచినంక ఇన్‌వాలిడేట్‌సైజ్ అనే ఫంక్షన్ పిలవండి, "నీ డబ్బా సైజు మారింది, మళ్ళీ కొలుచుకో" అని చెప్పినట్టు. చార్ట్ జేఎస్‌లో దీనికి రీసైజ్ ఉంది.

రియాక్ట్ వాడేటోళ్ళకు ఒక స్పెషల్ ఎర్రర్: 'మ్యాప్ కంటైనర్ ఈజ్ ఆల్రెడీ ఇనీషియలైజ్డ్'. చార్ట్ అయితే 'క్యాన్వాస్ ఈజ్ ఆల్రెడీ ఇన్ యూజ్'. రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్‌లో, డెవలప్‌మెంట్ టైంలో, ఎఫెక్ట్‌ని కావాలనే రెండుసార్లు నడిపిస్తది. మీరు పాతదాన్ని తీసెయ్యకుండా కొత్తది పెడ్తున్నరని దొరికిపోతది. చాలామంది స్ట్రిక్ట్ మోడే తీసేస్తారు. నాకది నచ్చదు. థర్మామీటర్ పగలగొట్టి జ్వరం తగ్గింది అన్నట్టు. ఎఫెక్ట్ చివర్లో మ్యాప్‌కి రిమూవ్, చార్ట్‌కి డిస్ట్రాయ్ రాయండి, అయిపోతది.

ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌లోనే నేర్చుకుంటున్నా అనేటోళ్ళు కన్సోల్ ఎట్ల చూడాలె అని అడుగుతరు. ఎరుడా అని ఒక చిన్న లైబ్రరీ ఉంది, ఒక స్క్రిప్ట్ లైన్ పెడితే పేజీ మీదనే కన్సోల్, నెట్‌వర్క్ అన్నీ వస్తయ్.

ఇప్పుడు రెండో రకం. మ్యాప్ వచ్చింది, మన ఊరు రాలేదు. ఇది నాకు బాగా ఇష్టమైన బగ్. నల్గొండ 17.05 ఉత్తర అక్షాంశం, 79.27 తూర్పు రేఖాంశం. లీఫ్‌లెట్‌కి ముందు అక్షాంశం చెప్పాలె, తర్వాత రేఖాంశం. జియోజేసన్ ఫైల్‌లో ఉల్టా, ముందు రేఖాంశం. మ్యాప్‌లిబ్రేలో కూడా ముందు రేఖాంశమే. కలగాపులగం అయిందనుకోండి, నల్గొండ 79 డిగ్రీల ఉత్తరానికి పోతది. అక్కడేముంది? స్వాల్‌బార్డ్. ఆర్కిటిక్‌లో నార్వే వాళ్ళ మంచు దీవులు, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు. మహబూబ్‌నగర్‌ని తిప్పితే ఇంకా గమ్మత్తు, అదే దీవుల్లో స్వేయా అనే మూతపడ్డ బొగ్గు గని పక్కకే పోయి పడ్తది. కాబట్టి మార్కర్లు కనబడకపోతే జూమ్ అవుట్ చేసి పైకి చూడండి. పైన మంచులో ఉన్నయంటే నంబర్లు ఉల్టా అయినట్టు.

ఓపెన్‌లేయర్స్‌లో ఇంకో తీరు. అది డిఫాల్ట్‌గ డిగ్రీలు కాదు, మీటర్లు అనుకుంటది. 79, 17 అని నేరుగా ఇస్తే సున్నా పాయింట్ నుంచి 79 మీటర్లు, 17 మీటర్లు అన్నట్టు. మన ఊరు ఆఫ్రికా పక్కన సముద్రంలో తేల్తది. ఫ్రమ్‌లాన్‌ల్యాట్ అనే ఫంక్షన్ గుండా పంపాలె.

మీటర్ల ముచ్చట వచ్చింది కాబట్టి పాలమూరోళ్ళకి ప్రత్యేకంగ ఒకటి చెప్పాలె. సర్వే ఫైల్స్ చాలావరకు యూటీఎం అనే లెక్కలో ఉంటయ్, ఆరంకెల, ఏడంకెల మీటర్ల నంబర్లు. యూటీఎం భూమిని 6 డిగ్రీల పట్టీలుగా కోస్తది. 72 నుంచి 78 డిగ్రీల దాకా 43వ పట్టీ, 78 నుంచి 84 దాకా 44వది. ఆ 78 గీత సరిగ్గ ఉమ్మడి మహబూబ్‌నగర్ మధ్య నుంచి పోతది. గద్వాల, నారాయణపేట పట్టణాలు 43లో. నాగర్‌కర్నూల్, వనపర్తి 44లో. మహబూబ్‌నగర్ పట్నమైతే గీతకి ఆనుకొనే ఉంది. రెండు దిక్కుల ఫైల్స్ కలిపి ఒకటే పట్టీ అనుకొని మార్చిండ్రంటే, సగం ఊర్లు 6 డిగ్రీలు జరిగిపోతయ్. అంటే ఆరు వందల కిలోమీటర్లకు పైనే! నల్గొండోళ్ళకు ఈ తిప్పలు లేదు, వాళ్ళు మొత్తం 44లోనే. ప్రతి ఫైల్ ఏ పట్టీదో చూసి, క్యూజీఐఎస్‌లో మామూలు డిగ్రీలకు మార్చుకున్నంకనే కలపండి.

డీ3 వాడితే ఒక వింత కనబడొచ్చు. ఒక్క జిల్లాకి రంగేస్తే స్క్రీన్ మొత్తం ఆ రంగు అయితది, జిల్లా ఉన్న చోట మాత్రం బొక్క. సరిహద్దు పాయింట్లు గడియారం దిక్కుగ రాసిండ్రా, ఎదురు దిక్కుగనా అన్నదే తేడా. 2016లో వచ్చిన జియోజేసన్ స్టాండర్డ్ బయటి గీతని గడియారానికి ఎదురు దిక్కుగ రాయమంటది, డీ3 గడియారం దిక్కుగ కావాలంటది. ఎదురు దిక్కుగ ఉంటే "ఈ జిల్లా తప్ప మిగతా భూమి అంతా" అని చదువుకుంటది. పాయింట్ల వరస తిప్పేస్తే సరి.

మూడోది జిల్లాలు. 2016 అక్టోబర్ 11న మన 10 జిల్లాలు 31 అయినయ్. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చినయ్. ఉమ్మడి పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత నారాయణపేట. ఇంటర్నెట్‌లో దొరికే మ్యాప్ ఫైల్స్‌లో పాత 10 జిల్లాలవి ఇంకా తిరుగుతున్నయ్. మీ డేటాలో సూర్యాపేట ఉంటది, మ్యాప్‌లో ఉండదు. ఎర్రర్ రాదు, సూర్యాపేట మాయమైతది, అంతే.

పేర్లతోటి జత కలిపితే ఇంకో తలనొప్పి. మహబూబ్‌నగర్‌ని ఇంగ్లీషులో ఎన్ని తీర్ల రాస్తారో మీకు తెల్సు. ఒకాయన మధ్యలో 'ఏ' పెడ్తాడు, ఒకాయన పెట్టడు, ఇంకొకాయన 'ఓ' రెండుసార్లు కొడ్తాడు. నాగర్‌కర్నూల్ మధ్యలో ఖాళీ ఉంటది ఒక ఫైల్‌లో, ఉండదు ఇంకో ఫైల్‌లో. మనిషి కంటికి ఒకటే, జావాస్క్రిప్ట్‌కి వేరే వేరే. అందుకే పేర్లతో కలపొద్దు. కేంద్రం వాళ్ళ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకి, మండలానికి, ఊరికి ఒక కోడ్ నంబర్ ఉంటది. ఆ నంబర్‌తో కలపండి.

చార్ట్‌ల దిక్కు పోదాం కొంచెం. టెస్ట్ తేదీల ప్రకారం లైన్ చార్ట్ గీస్తే, ప్రతి నెలా 12వ తేదీ దాకనే పాయింట్లు వచ్చి తర్వాత ఖాళీ ఉంటుందా? మనం తేదీ ముందు రాస్తాం, నెల తర్వాత. జావాస్క్రిప్ట్ అమెరికా లెక్కన నెల ముందు అనుకుంటది. 05/06 అంటే మనకి జూన్ 5, దానికి మే 6. 13/06 వస్తే 13వ నెల లేదు కాబట్టి 'ఇన్‌వాలిడ్ డేట్'. కనబడకుండా పోయిన పాయింట్లను మీరు పట్టుకుంటరు. కానీ జూన్ నుంచి మే నెలకు జరిగిన పాయింట్లను ఎవరు పట్టుకుంటరు? వానాకాలం నంబర్ ఎండాకాలంలో పోయి కూసుంటది. సంవత్సరం, నెల, రోజు అనే వరసలో రాస్కుంటే ఈ గొడవ ఉండదు.

తెలుగు అక్షరాలు చార్ట్‌లో మొదటిసారి వేరే ఫాంట్‌లో వచ్చి, తర్వాత మారకుండా అట్లనే ఉంటున్నయా? క్యాన్వాస్ అనేది ఒకసారి గీసిన బొమ్మ. ఫాంట్ ఆలస్యంగ వచ్చినా అది మళ్ళీ గీయదు. డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అయినంకనే చార్ట్ గీయండి. మ్యాప్‌లిబ్రేలో తెలుగు ఒత్తులు విడిపోవడం మాత్రం మీ తప్పు కాదు. అది ఒక్కో అక్షరం కోడ్‌కి ఒక్కో బొమ్మ తెచ్చి పక్కపక్కన పెట్టే పద్ధతి, మన ఒత్తులకు అది సరిపోదు. ఎప్పటినుంచో ఉన్న సమస్య. ఊరి పేర్లను మామూలు హెచ్‌టీఎంఎల్ మార్కర్లుగ పెట్టండి, బ్రౌజర్ మంచిగ చూపిస్తది.

ఇప్పుడు మొదట్లో ఆపిన ముచ్చట. మ్యాప్ వచ్చింది, ఊర్లు వచ్చినయ్, రంగులు పడ్డయ్. అందరూ ఇక్కడ ఆగి స్క్రీన్‌షాట్ పెడ్తారు. నేనైతే అసలు ట్రబుల్‌షూటింగ్ ఇక్కడ మొదలైతది అంటాను.

తాగే నీళ్ళకి భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా. మీరు కోడ్ ఏం రాస్తారు? విలువ 1.5 కంటే ఎక్కువైతే ఎరుపు, లేకుంటే పచ్చ. చూడటానికి ముద్దుగ ఉంది. కానీ ఒక ఊర్లో అసలు టెస్టే చెయ్యలేదు, ఆ గడి ఖాళీ ఉంది. ఖాళీ 1.5 కంటే ఎక్కువా? కాదు. పచ్చ. ఇంకో గడిలో 'ఎన్ఏ' అని రాసి ఉంది. ఎక్కువా? కాదు. పచ్చ. నల్ అయినా, అన్‌డిఫైన్డ్ అయినా, నాన్ అయినా, జావాస్క్రిప్ట్‌లో ఈ పోలికకి జవాబు 'ఫాల్స్' అనే వస్తది. అన్నీ పచ్చ! ఎవ్వరూ టెస్ట్ చెయ్యని ఊరు మీ మ్యాప్‌లో అన్నిటికంటే మంచి నీళ్ళున్న ఊరు లెక్క మెరుస్తుంటది. కన్సోల్‌లో ఒక్క ఎర్ర గీత ఉండదు.

నంబర్ ఫంక్షన్‌తో మార్చుకున్నా అన్నా, అంటరా? ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్ చేస్తే సున్నా వస్తది. నల్‌ని చేసినా సున్నానే. ఇంకా అధ్వాన్నం, పాపప్‌లో "ఫ్లోరైడ్: 0" అని ధైర్యంగ చూపిస్తది. పార్స్‌ఫ్లోట్ ఖాళీకి నాన్ ఇస్తది, అది కొంచెం నయం. కానీ కామా ఉన్న నంబర్ ఇస్తే కామా దగ్గరనే ఆగిపోతది, 1,20,000 ఇస్తే 1 అంటది.

నేను చేసే పద్ధతి చెప్తా. ముందు ఖాళీనా అని అడగాలె, తర్వాత నిజంగ నంబరేనా అని నంబర్ డాట్ ఈజ్‌ఫైనైట్‌తో అడగాలె. ఈ రెండూ దాటినంకనే రంగు. దాటకపోతే బూడిద రంగు, లెజెండ్‌లో "టెస్ట్ లేదు" అని తెలుగులో స్పష్టంగ. రెండు రంగులు కాకుండా 1 లోపల, 1 నుంచి 1.5, ఆ పైన అని మూడు పెడితే ఇంకా మంచిది.

సగటు తోటి కూడా జాగ్రత్త. ఒక ఊర్లో నాలుగు బోర్లు ఉన్నయనుకుందాం. మూడింట్లో 0.6, ఒకదాంట్లో 3.4. సగటు 1.3. ఊరు ఎరుపు కాదు. ఆ నాలుగో బోరు పక్కనే అంగన్‌వాడీ ఉంటే? సగటు తాగేటోళ్ళు ఎవరూ ఉండరు, ఏదో ఒక బోరు నీళ్ళే తాగుతరు. నేనైతే ఊరికి అన్నిటికంటే ఎక్కువ వచ్చిన విలువ చూపిస్తా, కింద ఒక్కో బోరు విడిగ పెడ్తా. పాపప్‌లో టెస్ట్ చేసిన తేదీ కూడా ఉండాలె. ఇప్పుడు ఇంటికి నల్లా నీళ్ళు వస్తుండొచ్చు, పాత బోరు టెస్ట్ చూసి జనం ఆగం కావొద్దు కదా.

పేజీ బయటికి వదిలే ముందు రెండు పనులు. ఒకటి, లెక్క పెట్టండి. డేటాలో 300 ఊర్లుంటే, ఎరుపు, పసుపు, పచ్చ, బూడిద కలిపి 300 రావాలె. 288 వస్తే 12 ఊర్లు ఎక్కడో జారిపోయినయ్, వాటి పేర్లు కన్సోల్‌లో ప్రింట్ చేయించండి. రెండు, కావాలనే ఒక ఊరి విలువ చెరిపేసి పేజీ మళ్ళీ తెరవండి. ఆ ఊరు బూడిద రంగుకి మారాలె. పచ్చగనే ఉంటే లింక్ ఎవ్వరికీ పంపకండి, ఆ ఇఫ్ కండిషన్ దగ్గరికి వాపస్ పోండి.

ఊర్ల సరిహద్దుల ఫైల్ పెద్దగుండి తక్కువ ధర ఫోన్లలో పేజీ తెరుచుకోకపోతే ఏం చెయ్యాలె, మ్యాప్‌షేపర్‌తో దాన్ని ఎట్ల చిన్నగ చెయ్యాలె అన్నది వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా. అప్పటిదాకా మీ మ్యాప్‌లో బూడిద రంగు ఊర్లు ఎన్ని తేలినయో కామెంట్ పెట్టండి.