బల్లయొద్ద కూర్చుండువారు

కాచిగూడ స్టేషనున లోకలు బండి యెక్కి సికింద్రాబాదునకు పోవువారికి విద్యానగరము, జామియా ఉస్మానియా, ఆర్ట్సు కాలేజి అను స్టేషనులు వరుసగా తగులును. వీనిలో కడపటి రెండును 1918వ సంవత్సరమున స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము పేరనే వెలసినవి. దాని కావలి ప్రక్క తార్నాక. ఈ విశ్వవిద్యాలయమునకు చేరిన కళాశాలల నడుమ జరుగు ఆటల పోటీలలో బాస్కెట్‌బాల్ ఒకటి. పోటీనాడు చూడవచ్చినవారి కన్నులన్నియు బంతివెంటనే పరుగిడుచుండును. ఆటస్థలపు పొడుగు ప్రక్కను, నడిమి గీత కెదురుగా, ఒక బల్ల వేయబడియుండును. దానివెనుక నలుగురు కూర్చుందురు. వారివైపు చూచువారు మిక్కిలి అరుదు. మే మిచ్చట వ్రాయదలచినది వారిని గూర్చియే.

ఈ యాట పుట్టుటలోనే తెరవెనుక పనివాని చేయి యొకటి కలదు. 1891 డిసెంబరులో అమెరికా దేశమందలి స్ప్రింగుఫీల్డున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో, జేమ్సు నైస్మిత్తను ఉపాధ్యాయుడు చలికాలమున ఇంటిలోపల ఆడదగిన ఆట నొకదానిని కల్పించి, రెండు పెట్టెలు తెచ్చి యిమ్మని పాఠశాల నౌకరు నడిగెను. పెట్టెలు దొరకలేదు; నౌకరు పీచుపండ్ల బుట్టలను తెచ్చెను. వానినే పది అడుగుల యెత్తున మేడవసారా అంచునకు మేకులతో కొట్టిరి. పక్షమునకు తొమ్మండుగురు చొప్పున ఆడిరి. ఆట ముగియునప్పటికి బుట్టలో పడినది ఒక్క బంతియే. ఆ నౌకరునకు పెట్టెలే దొరకియుండినచో ఈ యాటకు మరియొక పేరు వచ్చియుండునేమో!

నైస్మిత్తు వ్రాసిన పదమూడు నియమములలో పదునొకండవ దాని ప్రకారము గోలులను లెక్కించుటయు కాలమును చూచుటయు రిఫరీయే చేయవలెను. ఒక్క గోలు పడు ఆటకు అది చాలును. నేడు ఆటస్థలము ఇరువదియెనిమిది మీటర్ల పొడుగు, పదునైదు మీటర్ల వెడల్పు. పదేసి నిమిషముల భాగములు నాలుగు. ఒక్కొక్క పక్షము డెబ్బది యెనుబది పాయింట్లు సంపాదించుట వింత కాదు. కనుక లెక్కయు గడియారమును రిఫరీ చేతినుండి బల్లమీదికి వచ్చినవి.

నలుగురిలో స్కోరరు పని పెద్దది. ఆతని యెదుట స్కోరు షీటు ఉండును. మొదటి, మూడవ భాగములకు ఎఱ్ఱ సిరాతోను, రెండవ, నాల్గవ భాగములకు నల్ల లేక ముదురు నీలి సిరాతోను వ్రాయవలెను. ఆటలో గోలు పడగానే మొత్తము అంకెమీద ఏటవాలు గీత; ఫ్రీ త్రో పడినచో నిండుగా నింపిన చుక్క; మూడు పాయింట్ల గోలైనచో వేసినవాని సంఖ్య చుట్టును సున్న. ఎవరికి ఐదవ ఫౌలు వచ్చెనో వెంటనే రిఫరీకి తెలుపవలెను, ఏలయన వాడిక ఆడరాదు. ఒక భాగములో ఏ పక్షమునకు నాలుగు ఫౌలులు నిండెనో, టైమౌట్లు ఎవరి కెన్ని మిగిలెనో, అంతయు ఈ కాగితముమీదనే యుండును. సహాయ స్కోరరు అతనికి అంకెలు వినిపించుచు స్కోరు బోర్డును నడపును. జనులందఱును చూచునది బోర్డు. అయినను బోర్డునకును షీటునకును తేడా వచ్చి, అది యే విధమునను తేలనప్పుడు షీటు మాటయే చెల్లును, బోర్డును దిద్దుదురు. మెరయు దీపములకంటె సిరాగీతకే విలువ యెక్కువ యనుట మాకు నచ్చిన సంగతి.

టైమరు బంతిని గాక రిఫరీ చేతిని చూడవలెను. బంతి బయటినుండి లోపలికి విసరబడినప్పుడు గడియారము వెంటనే నడవదు. లోపలి ఆటగాడు దానిని తాకినప్పుడే నడవవలెను. కడపటి నిమిషమున సెకనులో పదవ వంతుకూడ లెక్కకు వచ్చును. పది వంతులలో మూడు మిగిలియున్నచో బంతిని పట్టి వేయవచ్చును. రెండే మిగిలినచో పట్టుటకు వ్యవధి లేదని నియమము, తట్టి వేయవలసినదే. నాల్గవవాడు షాట్ క్లాకును చూచును. బంతి దొరకిన పక్షము ఇరువదినాలుగు సెకనులలో దానిని బుట్టకు వేయవలెను. బంతి చువ్వను తాకి మరల ఆ పక్షమునకే చిక్కినచో పదునాలుగు సెకనులే. బంతి చువ్వను తాకెనా లేదా యని కనురెప్పపాటులో నిర్ణయించుట ఇతని వంతు.

ఇంత జాగ్రత్త యెందులకని అడుగువారికి 1972లో మ్యూనికు ఒలింపిక్సు కడపటి ఆటను చెప్పుదుము. మూడు సెకనులు మిగిలియుండగా అమెరికా 50, సోవియటు రష్యా 49. రష్యావారు బంతిని విసరిరి. వారడిగిన టైమౌటును గూర్చి బల్లయొద్ద గందరగోళము కలిగి ఆట నిలిచెను. మూడు సెకనులును మరల ఇయ్యుడని అంతర్జాతీయ సమాఖ్య కార్యదర్శి విలియం జోన్సు చెప్పెను. గడియారమును సరిచేయుట ముగియకమునుపే రెండవమారు ఆట మొదలై, వెంటనే కొమ్ము మ్రోగెను. అమెరికావారు గెలిచితిమని గంతులిడిరి. మూడవమారు అలెగ్జాండరు బెలోవు గోలు వేయగా 51–50తో రష్యా గెలిచెను. అమెరికా ఆటగాండ్రు తమ వెండి పతకములను స్వీకరింపలేదు. న్యాయ మెవరిదో తేల్చుట మా పని కాదు. ఆ రాత్రి ఆటగాండ్రకంటె బల్లయే యెక్కువ ఆడెనని మాత్రము చెప్పగలము.

కళాశాలల ఆటలకు ఒలింపిక్సంత జనము రారు. కాని అందు చూపిన ప్రతిభనుబట్టియే విశ్వవిద్యాలయపు జట్టునకు పిల్లలను ఏరుదురు. ఆ జట్టే ఇతర విశ్వవిద్యాలయములతో ఆడబోవును. పేద యింటి పిల్లవాని కది చదువునకును ఉద్యోగమునకును దారి కావచ్చును. వానికి లేని ఫౌలును వానిపేర వ్రాసినచో, తండ్రి పంపిన రొక్కముతో బస్సెక్కి వచ్చినవాడు మూడవ భాగముననే ప్రక్కకు వచ్చి కూర్చుండవలసినదే. అందుచేతనే బల్లయొద్ద ఉన్నవారు తమ కళాశాల ఆడుచున్నను చప్పట్లు కొట్టరు. పందొమ్మిదేండ్ల వయస్సున ఇది సులభమని యెవరును తలపవలదు.

ఆట ముగిసిన తరువాత బల్లవారు షీటుమీద సంతకములు చేయుదురు, పిమ్మట రిఫరీలు, అందఱికంటె వెనుక ముఖ్య రిఫరీ. ఆ కడపటి సంతకముతోనే ఆటతో రిఫరీల సంబంధము తీరును. అప్పటికి గెలిచినవారు తార్నాక వైపు కేకలతో సాగిపోవుచుందురు. ఇచ్చట ఒకరు గడియారపు తీగలను చుట్టుచుండగా, మరియొకరు షీటు ప్రతులను విడదీసి ఓడిన జట్టు నాయకుని కొఱకు వెదకుచుందురు.