కుక్కపిల్ల కూడు ముట్టనప్పుడు

లంఘనము పరమౌషధమని మన పెద్దలు చెప్పుదురు. అజీర్ణము చేసిన పెద్దవారికి ఒకపూట పస్తు మేలు చేయవచ్చును గాని, రెండు మాసముల కుక్కపిల్ల విషయమున ఆ సూత్రమును పాటించుట ప్రమాదకరము. సాలూరులో మా బంధువుల యింట ఈ సంగతిని నేను కన్నులార చూచితిని.

సాలూరు లారీలకు పేరుపడిన ఊరు. ఒక లారీషెడ్డు వద్ద దొరికిన కుక్కపిల్లను ఆ యింటి చిన్నవాడు తెచ్చి పెంచుకొనసాగెను. వారము తిరుగకుండనే అది పాలు ముట్టక, పిలిచినను లేవక, మూల నొదిగి పడుకొనెను. అరగలేదు, రేపటికి సర్దుకొనునని ఇంటివారు ఊరకుండిరి. ఆ రాత్రి వాంతులు పట్టుకొనెను. తెల్లవారుజామున నెత్తురు విరేచనములు కలిగెను. పశువైద్యునికి చూపించునప్పటికే కాలము మించినది. "నిన్ననే తీసుకెళ్తే బతికేదా మావయ్యా?" అని ఆ బాలుడడిగెను. ఆ ప్రశ్నకు సమాధానముగనే ఈ ప్రసంగము చేయుచున్నాను.

చిత్తకార్తెను మనవారు కుక్కలు జతకట్టు కాలముగా చెప్పుదురు. గర్భము సుమారు 63 దినములు. కావున మార్గశిర పుష్యమాసములలో వీధులలో కూనలు కనిపించును. సంక్రాంతి దాటిన పిదప పిల్లలు వానిని ఇండ్లకు తెత్తురు. తల్లిని విడిచిన ఆ దినములే వాని కడుపునకు గడ్డుకాలము.

కడుపు చెడుటకు ముఖ్యకారణములు మూడు. మొదటిది ఆహారము. ఆవుపాలలో, గేదెపాలలో లాక్టోజు అను చక్కెర కుక్కపాలలో కంటె అధికముగా నుండును. అది అరగక విరేచనములు కలుగును. ఎముకలు, పాచిపోయిన మాంసము కూడ చెరుపు చేయును. రెండవది పురుగులు. ఏలికపాములు తల్లిగర్భమునుండియే కూనకు సంక్రమింపగలవు. కొంకిపురుగులు నెత్తురు పీల్చి చిగుళ్లను పాలిపోజేయును. మూడవది పార్వో వైరసు. 1978లో గుర్తింపబడిన ఈ వైరసు అనతికాలముననే ప్రపంచమంతట వ్యాపించెను. రోగపుకుక్క మలమునుండి నేలకు చేరి, అచట మాసముల తరబడి నిలిచియుండును. చెప్పులకు, బండిచక్రములకు అంటుకొని చోటు మారును. ఘాటురోడ్డెక్కి ఒడిశా పోయివచ్చు లారీలు ఆగు తావులలో ఇది గుర్తుంచుకొనదగినది.

కారణమేదైనను కూనను త్వరగా క్రుంగదీయునది ఒంటిలోని నీరు తరుగుట. చిన్న దేహములో నిలువ స్వల్పము. మెడవెనుక చర్మమును మెల్లగా ఎత్తి విడిచినప్పుడు అది వెంటనే సర్దుకొనకున్నను, చిగుళ్లు పొడిబారి జిగటగా నున్నను నీరు తగ్గినట్లే. మాటిమాటికి వాంతులు, విరేచనములలో నెత్తురు, ఒళ్లు చల్లబడుట, లేవలేని నీరసము — వీనిలో ఏదియున్నను గంటలు లెక్కింపక పశువైద్యుని చేరవలెను. ఆచట సెలైను ద్వారా నీరు, లవణములు అందింతురు.

వాంతులు లేక, ఆటపాటలు తగ్గక, విరేచనము మాత్రము పలుచనైనచో పాలు మాని, ఉప్పు కారములు లేని మెత్తని అన్నములో ఉడికించిన కోడిమాంసమును కలిపి కొద్దికొద్దిగా పలుమారులు పెట్టవచ్చును. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై తెలిపిన కొలత నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా నాకింపవచ్చును. బలవంతముగా గొంతులో పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ పూటకే కోలుకొననిచో వైద్యునికి చూపవలెను. మనుష్యులు వాడు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కలకు విషతుల్యములు. చొంగకార్చుచు మ్రింగలేకున్న కూన నోటిలో చేయి పెట్టరాదు. అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చును.

రాకముందే అడ్డుకొనుట ఉత్తమము. రెండు వారముల వయస్సునుండి వైద్యుని సలహాతో పురుగుల మందు వేయవలెను. ఆరు నుండి ఎనిమిది వారముల మధ్య పార్వో టీకా మొదలిడి, పదునారు వారములు నిండువరకు రెండు నుండి నాలుగు వారముల కొకమారు వేయింపవలెను. తల్లినుండి వచ్చిన రక్షణ తొలిటీకాను పనిచేయనీయకపోవచ్చును గనుక ఒక్క టీకాతో తృప్తిపడరాదు. రోగము వచ్చిన ఇంటిని ముందు శుభ్రముగా కడిగి, ఒకవంతు బ్లీచి ద్రావకమునకు ముప్పదివంతుల నీరు కలిపి తుడువవలెను, ఫినాయిలును నమ్ముకొనరాదు.

తప్పక బ్రతికెడిదని ఆ బాలునికి నేను చెప్పలేను. కాని పార్వో సోకి చికిత్స లేని కూనలలో ఎక్కువభాగము మరణించును. వేళకు చికిత్స పొందినవి ఎక్కువభాగము బ్రతుకును. ఆ యింట ఇప్పుడు టీకాలన్నియు పూర్తియైన మరియొక కుక్క పెరుగుచున్నది. అది ఒకపూట కూడు ముట్టకున్న, అందరికంటె ముందు కనిపెట్టువాడు ఆ బాలుడే.