వ్యాపార సందర్భం – సమాచార వ్యవస్థ రూపకల్పన: ఈ-చౌపాల్ పరిశీలన

1. ఉపోద్ఘాతం

సమాచార వ్యవస్థ సాఫల్యం యంత్రాల సామర్థ్యం మీద మాత్రమే ఆధారపడదు. వ్యాపారం ఎవరి మధ్య, ఏ నమ్మకాలతో, ఏ చట్టాలకు లోబడి సాగుతోందో రూపకర్త ముందుగా గ్రహించాలి. వ్యాపార వ్యూహం, సమాచార సాంకేతికత పరస్పరం పొసగాలన్న భావనకు 1993లో హెండర్సన్, వెంకట్రామన్ ప్రతిపాదించిన వ్యూహాత్మక సమన్వయ నమూనా స్పష్టమైన రూపమిచ్చింది. ఈ భావనను గ్రామీణ సందర్భంలో పరిశీలించడానికి ఐటీసీ సంస్థ 2000లో మధ్యప్రదేశ్ సోయాచిక్కుడు రైతుల కోసం ప్రారంభించిన ఈ-చౌపాల్ తగిన ఉదాహరణ.

2. సమస్య స్వరూపం

రైతు పంటను బండికెత్తి మండీకి చేరాక గాని ఆనాటి ధర తెలిసేది కాదు. ధర నచ్చకపోయినా, సరుకును తిరిగి తీసుకుపోవడం అదనపు ఖర్చు కాబట్టి అమ్మక తప్పేది కాదు. అంటే సమాచారం అందడం ఒక్కటే చాలదు. అది పంట ఇల్లు దాటకముందే అందాలి.

3. సందర్భానుగుణ రూపకల్పన

చిన్నరైతు ప్రతి ఒక్కరికీ కంప్యూటర్ సమకూర్చడం సాధ్యం కాదు. అందువల్ల ఊరిలోని ఒక రైతు ఇంట్లో దానిని నెలకొల్పి, అతనిని ‘సంచాలక్’గా నియమించారు. విద్యుత్తు నిలకడలేమికి సౌరఫలకాలు, బ్యాటరీలు. ఫోన్ లైన్ల లోపానికి ఉపగ్రహ అనుసంధానం. భాషకు హిందీ పరిష్కారాలయ్యాయి. ముందురోజు మండీ ధర ఆధారంగా కొనుగోలు ధర ప్రకటించేవారు. నచ్చని రైతు మరోచోట అమ్ముకోవచ్చు. సంచాలక్ గ్రామస్థుల ఎదుట ప్రమాణం చేసేవాడు. పాత కమీషన్ ఏజెంట్లను తొలగించకుండా ‘సంయోజక్’లుగా వ్యవస్థలో కలుపుకున్నారు. మండీ వెలుపలి కొనుగోలుకు ప్రభుత్వ అనుమతి కూడా అవసరమైంది.

ఆంధ్రప్రదేశ్ రొయ్యల రైతుల కోసం ఇదే సంస్థ ‘ఆక్వా చౌపాల్’ను విడిగా రూపొందించింది. రొయ్య త్వరగా పాడయ్యే ఎగుమతి సరుకు. అక్కడ ధరతో పాటు నాణ్యతా ప్రమాణాల సమాచారమూ కీలకమే. సోయాచిక్కుడు నమూనాను యథాతథంగా దించితే ఆ అవసరం తీరదు.

4. పరిమితులు

మండీ వెలుపల కొనుగోళ్లు పెరిగే కొద్దీ అక్కడి హమాలీలకు పని తగ్గుతుంది. రైతును, కొనుగోలుదారును, మధ్యవర్తిని లెక్కలోకి తీసుకున్న రూపకల్పనలో బస్తా మోసే కూలీకి స్థానం దొరకలేదు. సందర్భాన్ని నిర్వచించేటప్పుడు ఎవరిని వదిలేస్తున్నామన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు, నైతిక ప్రశ్న కూడా.

5. ముగింపు

ధరల సమాచారం చేతిలోని మొబైల్‌కే చేరినప్పుడు ఊరుమ్మడి కంప్యూటర్ ప్రాధాన్యం సహజంగానే తగ్గుతుంది. కాబట్టి వ్యవస్థను సందర్భానికి పొసగించడం ఒకసారి చేసి ముగించే పని కాదు. సందర్భం మారినప్పుడల్లా రూపకల్పనను పునఃపరిశీలించడమే నిజమైన సమన్వయం.