వీధిదీపము: వెలుగు ఎక్కడ పడవలెను?

గ్రామ పంచాయతీల ముఖ్య విధులలో వీధిదీపముల ఏర్పాటు ఒకటి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 45వ సెక్షను ఈ బాధ్యతను స్పష్టముగా పంచాయతీపై ఉంచినది. అయితే ఎన్ని దీపములు పెట్టితిమని లెక్క చూచుకొనుటతో ఈ విధి ముగియదు. ఆ వెలుగు ఎక్కడ పడుచున్నదో విచారించుట అంతకన్న ముఖ్యమని సభ్యులకు మనవి చేయుచున్నాము.

గోదావరి డెల్టాలో ఈ విచారణ మరింత అవసరము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు ఈ సీమనంతటిని సస్యశ్యామలము చేసినవి. అనేక గ్రామముల రాకపోకలు నేటికిని ఆ కాలువ గట్లమీదనే సాగుచున్నవి. అట్టి గట్టు మలుపున, రైస్ మిల్లు గోడపై గాని, కల్యాణమండపము ముంగిట గాని, ఒక ఫ్లడ్ లైటు రోడ్డునకు ఎదురుగా వెలుగుచున్నదనుకొందము. మోటారు సైకిలుపై వచ్చువాని కన్నులు చెదరును. దీపమును దాటిన పిదప కొన్ని క్షణములు అతనికి ఏమియు సరిగా కనబడదు. గట్టు అంచు కనబడవలసినది ఆ క్షణములందే. పెద్ద వయస్సు వారికి చూపు కుదుటపడుట ఇంకను ఆలస్యమగును. కన్నులలో కొట్టు దీపము ఈ విధముగా ప్రాణములకే ముప్పు తేగలదు.

వెలుగు ఎంత ఉండవలెనను దానికి కొలత కలదు. నేలపై పడు వెలుగును లక్సులలో కొలుతురు. ఐ.ఎస్. 1944 అను సంఖ్యగల భారతీయ ప్రమాణము, వాహనములు వేగముగా, దట్టముగా నడచు అతిముఖ్య రహదారులకు సగటున 30 లక్సులు, రాకపోకలు స్వల్పముగా నుండు రోడ్లకు 4 లక్సులు సూచించినది. కావున గ్రామవీధికి కావలసినది మిరుమిట్లు గొలుపు కాంతి కాదు. మితమై, అంతటను సమానముగా పరచుకొను కాంతి.

2015 జనవరిలో కేంద్రప్రభుత్వము వీధిదీపముల జాతీయ కార్యక్రమమును ప్రారంభించిన పిదప ఎల్.ఇ.డి. దీపములు విరివిగా వచ్చినవి. వీనితో కరెంటు ఆదా యగును. కాని వీని కాంతి ఒక దిక్కునకే తీక్షణముగా పోవును గనుక బిగించుటలో శ్రద్ధ వలెను. సభ్యులు గమనింపదగిన అంశములు ఇవి:

1. దీపముఖము నేలవైపే ఉండవలెను. ప్రక్కలకు, ఆకాశమునకు వెలుగు పోకుండ పైన మూత ఉండవలెను.

2. స్తంభముల మధ్య దూరము, దీపపు ఎత్తుకు మూడు నాలుగు రెట్లు మించకుండిన, నడుమ చీకటి గుంటలు ఏర్పడవు.

3. తెల్లని, నీలి ఛాయగల కాంతికంటె పసుపు ఛాయగల కాంతి మేలు. 3000 కెల్విన్లు, లేక అంతకు తక్కువ అని గుర్తుగల దీపములు ఇట్టివి. వీనికి పురుగులు తక్కువగా చేరును.

4. ప్రతి వరుసకు స్విచ్చి ఉండవలెను. ప్రతి ఉదయము దానిని ఆర్పు బాధ్యత ఒకరికి అప్పగింపవలెను.

ఈ నాల్గవ అంశము పంచాయతీ నిధులకు సంబంధించినది. 20 వాట్ల దీపము రాత్రి 12 గంటలు వెలిగిన సంవత్సరమునకు సుమారు 88 యూనిట్లు ఖర్చగును. పగలు కూడ వెలుగుచున్న అది 175 యూనిట్లగును. అట్టివి నూరు దీపములున్నచో ఏటా 8,700 యూనిట్లకు పైగా ఎండలో కలిసిపోవును.

చేని గట్టున దీపము పెట్టుటకు ముందు రైతును సంప్రదించుట మంచిది. సుడిదోమ వెలుగునకు ఆకర్షింపబడును. అందువలననే దాని ఉనికిని కనిపెట్టుటకు దీపపు ఎరలు వాడుదురు. రాత్రి నిడివినిబట్టి వెన్ను వేయు వరి రకములు రాత్రియంతయు వెలుగు పడినచో ఆలస్యముగా ఈనును. కోనసీమ తీరమున, హోప్ ఐలాండులో, గుడ్లుపెట్టు ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు రాత్రివేళ సముద్రముపై కనబడు వెలుగును చూచి నీటిలోనికి పోవును. ఒడ్డున దీపములున్నచో అవి దారితప్పి, ఊరివైపు ప్రాకి నశించును. తీరగ్రామములవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ప్రైవేటు స్థలములలోని దీపములకును ఇదే నీతి వర్తించును. కొత్త లేఅవుటును పంచాయతీ స్వాధీనపరచుకొనుటకు ముందు అచటి దీపములను రాత్రివేళ పరీక్షింపవలెను. మిల్లు, రొయ్యల చెరువు, మండపముల యజమానులను పిలిచి, దీపములను తమ ఆవరణలోనికి వంచుకొనవలసినదిగా కోరవలెను. చెప్పిన వినువారే యెక్కువ. దీపమును వంచుటకు ఖర్చు స్వల్పము.

ఈ అమావాస్యనాడు సభ్యులందరు కలిసి ఊరంతయు ఒకమారు నడచి చూడవలెనని మా సలహా. ఎక్కడ కన్నులు చెదరినవో, ఎక్కడ గట్టు అంచు కనబడలేదో వ్రాసికొని, ఆ పట్టికను గ్రామసభ ముందుంచి, ముందుగా కాలువ మలుపులను సరిచేయవలెను. స్తంభములపై పనిని విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందిచేతనే చేయింపవలెను. రాత్రి ఇంటికి వచ్చుచున్న మనిషికి దారి కనబడినప్పుడే వీధిదీపమునకు మనము పెట్టిన ఖర్చు సార్థకమగును.