నవ్వించినందుకు నోరు మూయించారు

నాకు మిమిక్రీ వచ్చు. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు లెండి. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో స్నేహితురాళ్లం నలుగురం చేరినప్పుడు, మా పనావిడ మాట్లాడే తీరును అచ్చు గుద్దినట్టు చేసి చూపించాను. ఆవిడ నోట 'డాక్టరు' కాస్తా 'డాకటేరు', 'ఇంజెక్షను' కాస్తా 'ఇంజిషను'. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. తిరిగి చూద్దును గదా, గుమ్మంలో కాఫీ గ్లాసులు పట్టుకుని ఆవిడ! ఒక్క మాటా అనలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజుతో నా విద్య మూలపడింది.

ఈమధ్య ఒక పాత అర్జెంటీనా సినిమా చూస్తుంటే అదంతా మళ్లీ గుర్తొచ్చింది. 1938లో వచ్చిన ఆ సినిమా పేరుకి 'ఉద్యోగం చేసే ఆడవాళ్లు' అని అర్థం. ఆస్తంతా పోయిన ఓ డబ్బున్న అమ్మాయి, పెద్ద దుకాణంలో పనిచేసే సేల్స్‌గర్ల్స్ ఉండే ఇంటికి చేరుతుంది. కథ ఆ అమ్మాయిదే. కానీ మన కళ్లు మాత్రం కతీతా అనే వాగుడుకాయ మీదే ఉంటాయి. గబగబా మాట్లాడుతుంది, అడక్కుండానే అన్నిట్లో వేలు పెడుతుంది, వచ్చీరాని పెద్ద మాటలు వాడి తప్పులో కాలేస్తుంది. కింద పడే ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తప్పులేవీ లేవు పాపం, అన్నీ దిద్దేశారు! అయినా నవ్వొచ్చింది.

కతీతాగా నటించినావిడ పేరు నీనీ మార్షల్. అసలు పేరు మరీనా ఎస్తెర్ త్రవెర్సో. 1903 జూన్ 1న బ్యూనస్ ఐరిస్‌లో పుట్టింది. స్పెయిన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. నెలల పిల్లగా ఉండగానే తండ్రి పోయాడు. పెద్దయ్యాక రష్యా నుంచి వచ్చిన ఓ ఇంజనీరును పెళ్లి చేసుకుంది. ఓ ఆడపిల్ల పుట్టింది. ఆ పెద్దమనిషికి జూదం పిచ్చి. ఉన్నదంతా ఊడ్చిపెట్టేశాడు. చంటిపిల్లతో ఒంటరిగా మిగిలిన మనిషి ఏం చెయ్యాలి? అప్పట్లో ఆ దేశంలో విడాకులు కూడా లేవు. ఆ చట్టం నిలకడగా వచ్చింది 1987లోనే. విడాకులు కావాలంటే పక్కనున్న ఉరుగ్వేకి పోవాల్సిందే. తర్వాత ఆవిడే 'మాంటెవిడియోలో విడాకులు' అనే హాస్య చిత్రంలో నటించింది, 1939లో. దీన్నేమనాలో మీరే చెప్పండి.

ఇల్లు గడవడానికి కలం పట్టింది. అప్పటికి ముప్ఫై ఏళ్లు. 'సింతోనియా' అనే రేడియో పత్రికలో మిత్సీ అన్న మారుపేరుతో ఓ శీర్షిక రాసేది. దాని పేరు 'అల్ఫిలెరాసోస్', అంటే గుండుసూది పోట్లు! రేడియో గాయకుల్నీ నటుల్నీ చిన్న చిన్న మాటలతో గుచ్చుతూ ఉండేది. రాస్తూ రాస్తూ తానే రేడియోలోకి వెళ్లింది, ముందు గాయనిగా. ఆ తర్వాత తన జీవితంలోకి వచ్చిన మార్సెలో సాల్సెదో పేరులోంచి 'మార్', 'సాల్' ముక్కలు తీసుకుని మార్షల్ అయింది.

ఇక్కడ నేను ఆగి చెప్పదలుచుకున్న సంగతి ఒకటుంది. నీనీ తన పాత్రల మాటలన్నీ తానే రాసుకుంది. సినిమాల్లో కూడా తన సంభాషణలు ఇంకొకరిని రాయనివ్వలేదు. వాటిని ఎక్కణ్ణించి తెచ్చిందంటారా? కాందిదా అనే గలీసియా పనిమనిషి పాత్ర, చిన్నప్పుడు వాళ్లింట్లో పనిచేసినావిడ మాటల్లోంచి వచ్చింది. కతీతా పుట్టింది రేడియో స్టేషన్ గుమ్మంలో. హువాన్ కార్లోస్ తోరీ అనే అందగాడి సంతకం కోసం అక్కడ గుంపుగా ఎగబడే అమ్మాయిల మాటల్ని చెవులు రిక్కించి విని రాసుకుంది. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చి ఇరుకు ఇళ్లలో బతికే పిల్లలు వాళ్లు. ఎవరూ పట్టించుకోని ఆ గొంతులే 1937లో ఎల్ ముందో రేడియోకెక్కి దేశమంతా వినిపించాయి.

అలాగని పేదవాళ్లని మాత్రమే ఆట పట్టించిందని అనుకోకండి. పాత కుటుంబాల గొప్పలు పోయే మోనికా పాత్ర పేరే సగం పేజీ ఉంటుంది. పెళ్లికాని పెద్దావిడ, చదువు ఒలకబోసే బడిపిల్ల... ఎవర్నీ వదల్లేదు. అందుకే ఆవిణ్ణి 'గౌను తొడిగిన చాప్లిన్' అన్నారు.

సరిగ్గా పేరు ఆకాశాన్నంటిన సమయంలో, 1943 జూన్‌లో సైన్యం గద్దెనెక్కింది. రేడియోలో శుద్ధమైన భాషే వినిపించాలన్నారు. టాంగో పాటల్లోని వీధి మాటల్ని తీసేయించారు. కతీతా, కాందిదా భాషను పాడు చేస్తున్నారనీ, జనం విని అవే తప్పులు నేర్చుకుంటున్నారనీ నీనీ కార్యక్రమాన్ని ఆపేశారు. గిడుగు వారి కాలంలో వాడుక భాష కోసం పెద్ద పోట్లాటే చూసినవాళ్లం గనక మనకి ఈ వాదన కొత్త కాదు. కానీ ఆలోచించండి. కతీతా అలా మాట్లాడింది గనక జనం అలా మాట్లాడలేదు కదా! ఊళ్లో సగంమంది అలాగే మాట్లాడేవాళ్లు. వాళ్ల గొంతు రేడియోలో వినపడటమే పెద్దవాళ్లకి మింగుడు పడలేదని నాకనిపిస్తుంది.

పెరోన్ ఏలుబడి వచ్చాక ఇంకో దెబ్బ. ఒక విందులో ఎవా పెరోన్‌ను అనుకరించి వెక్కిరించిందని పుకారు పుట్టింది. దాంతో స్టూడియోల తలుపులు మూసుకున్నాయి. మెక్సికో పోయి అక్కడ సినిమాలు చేసుకుంటూ బతికింది. 1955లో పెరోన్ పడిపోయాకే సొంత ఊళ్లో మళ్లీ పని దొరికింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది డెబ్బై ఏళ్ల వయసులో చేసిన పని. 1973లో చావు ఇంట్లో జరిగే కథతో ఓ ప్రదర్శన ఇచ్చింది. పలకరింపుకి వచ్చే ఆడవాళ్లందరూ తానే. దాని పేరు 'ఇ సె నోస్ ఫ్వే రెదెపెంతె'. హఠాత్తుగా పోయాడని చెప్పబోయి 'హతాట్టుగా' పోయాడు అన్నట్టన్నమాట. భాష పాడు చేస్తోందని నోరు మూయించిన ముప్ఫై ఏళ్లకి, తప్పు మాటనే పేరుగా పెట్టి బోర్డు కట్టించింది! 1989లో నగరం ఆవిణ్ణి విశిష్ట పౌరురాలిగా గౌరవించింది. 1996 మార్చి 18న కన్నుమూసింది.

ఇదంతా మొన్న మా పనావిడకి చెప్పాను. ఆవిడ ఇప్పటికీ మా ఇంట్లోనే పనిచేస్తోంది. ఆనాటి సంగతి ఎత్తి, తప్పయిందని కూడా అన్నాను. కాసేపు ఊరుకుని, "నన్ను నువ్వు చేసినావు గందా అమ్మా, మరి నిన్ను నేను సెయ్యనా?" అంది. చెయ్యమన్నాను. కొంగు సర్దుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నేను ఫోన్లో మా ఆడపడుచుతో ఇంగ్లీషు ముక్కలు కలిపి ఎలా మాట్లాడతానో చేసి చూపించింది. మధ్యలో నేను పీల్చే ముక్కుతో సహా! మా ఆయన పేపరు కింద పడేసి, ఇంకోసారి చెయ్యమని అడిగాడు.